ఇంగ్లండ్‌లో క్లబ్ బార్: సర్టిఫికెట్ మేలా, లైసెన్స్ మేలా, టెన్‌తో సరిపోతుందా?

ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘాలు కొన్ని సొంతంగా హాలు తీసుకునేదాకా వచ్చాయి. మనవాళ్లే నడిపే క్రికెట్ క్లబ్బులకు చిన్నదో పెద్దదో ఒక పెవిలియన్ ఉంటోంది. తాళం చేతికి రాగానే వచ్చే మొదటి ప్రశ్న, బార్ పెట్టుకోవాలంటే ఏ పర్మిషన్ కావాలని. వాట్సాప్ గ్రూపులో వెంటనే ఒకాయన జవాబిస్తాడు: "క్లబ్ సర్టిఫికెట్ తీసుకోండి, ప్రైవేట్ క్లబ్ కాబట్టి ఎవరూ అడగరు." ఈ సలహా కొందరికి నిజంగానే బాగుంటుంది. మన సంఘాల్లో ఎక్కువ వాటికి మాత్రం పనికిరాదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇదంతా 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కిందికి వస్తుంది. అది 2005 నవంబర్ 24 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు మేజిస్ట్రేట్ల చేతిలో ఉన్న మద్యం లైసెన్సుల పని అప్పటినుంచి స్థానిక కౌన్సిళ్లకు వచ్చింది. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి దరఖాస్తు పెట్టకండి, అక్కడిది వేరే చట్టం. ఇక్కడ ఉన్న దారులు మూడు: సభ్యులకీ వాళ్ల అతిథులకీ పోయడానికి క్లబ్ ప్రెమిసెస్ సర్టిఫికెట్, ఎవరికైనా అమ్మడానికి ప్రెమిసెస్ లైసెన్స్, ఒక్కో ఈవెంట్‌కి విడిగా ఇచ్చే టెంపరరీ ఈవెంట్ నోటీస్. మూడోదాన్ని అందరూ టెన్ అనే అంటారు.

వీటిలో ఏది చవక అన్న లెక్కతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. సర్టిఫికెట్‌కీ లైసెన్స్‌కీ దరఖాస్తు ఫీజు ఒకటే. భవనం రేటబుల్ వాల్యూ (పన్ను లెక్క కోసం భవనానికి కట్టే విలువ) 4,300 పౌండ్ల లోపు ఉంటే దరఖాస్తుకి 100, ఏటా 70 పౌండ్లు. 33,000 లోపు ఉంటే 190, ఏటా 180. చిన్న హాళ్లూ పెవిలియన్లూ చాలావరకు ఈ రెండింట్లోనే పడతాయి. టెన్ ఒక్కోటి 21 పౌండ్లు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఫీజు సంగతి కాదు, మీ కౌంటర్ దగ్గర గ్లాసు అందుకునేది ఎవరన్నది. సభ్యుడా, టికెట్ కొన్నవాడా, హాలు అద్దెకి తీసుకున్న వాళ్ల చుట్టమా? ఉచితంగా పోస్తే ఏ పర్మిషనూ అక్కర్లేదన్నది నిజమే. అయితే "టికెట్‌తో పాటు ఒక డ్రింక్ ఫ్రీ" అంటే అది ఉచితం కాదు, అమ్మకమే.

ఏడాదికి ఉగాది, దసరా, దీపావళి, న్యూ ఇయర్ చేసుకుని మిగతా రోజుల్లో తలుపు తీయని సంఘానికి టెన్ చాలు. ఇంకేదీ వద్దు. పర్సనల్ లైసెన్స్ (మద్యం అమ్మకానికి మనిషి పేరున ఇచ్చే లైసెన్స్) లేని మామూలు మనిషి కూడా క్యాలెండర్ సంవత్సరానికి 5 నోటీసులు ఇవ్వొచ్చు. ఒక్కో ఈవెంట్ 168 గంటల వరకు సాగొచ్చు. ఒకే చోటికైతే ఏడాదికి 15 నోటీసులు, మొత్తం 21 రోజులు దాటకూడదు.

మనవాళ్లు దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది తలల లెక్క. ఒకేసారి లోపల 499 మంది వరకే ఉండొచ్చు. ఆ 499లో పిల్లలు వస్తారు, వడ్డించే వాలంటీర్లు వస్తారు, స్టేజి వెనక కూచిపూడి మేకప్ వేసుకుంటున్న అమ్మాయిలూ వస్తారు. "450 టికెట్లే అమ్మాం" అన్నంత మాత్రాన సరిపోదు.

రెండోది తేదీ. నోటీసు అందిన రోజునీ ఈవెంట్ రోజునీ వదిలేసి మధ్యలో 10 పూర్తి పనిదినాలు ఉండాలి. ఉగాది వచ్చేదేమో ఈస్టర్ సెలవుల చుట్టుపక్కల. 2024నే తీసుకోండి. ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం. ఆ శనివారం, అంటే 13న ఈవెంట్ అనుకుందాం. "రెండు వారాల ముందు ఇస్తే చాలు కదా" అనుకుంటే మార్చి 30. కానీ మార్చి 29 గుడ్ ఫ్రైడే, ఏప్రిల్ 1 ఈస్టర్ మండే, ఆ రెండూ లెక్కలోకి రావు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళితే నోటీసు మార్చి 27 బుధవారానికల్లా కౌన్సిల్‌కి చేరాలి. ఒక్క రోజు ఆలస్యమైనా అది లేట్ టెన్ అయిపోతుంది. పోలీసులు గానీ కౌన్సిల్లో శబ్దం లాంటి ఇబ్బందులు చూసే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లు గానీ మామూలు టెన్‌కి అభ్యంతరం చెబితే విచారణలో మన మాట చెప్పుకోవచ్చు. లేట్ టెన్‌కి ఆ అవకాశం లేదు. అభ్యంతరం వచ్చిందంటే ఆ రోజు మందు లేనట్టే.

ఇక క్లబ్ సర్టిఫికెట్. నిజమైన క్లబ్‌కి దీనంత సుఖమైనది లేదు. బార్ బాధ్యుడిగా ఒకరి పేరు రాయించక్కర్లేదు, ఎవరికీ పర్సనల్ లైసెన్స్ ఉండక్కర్లేదు. అనుమానం వచ్చిందని పోలీసులు మామూలుగా లోపలికి వచ్చి చూసే అధికారం కూడా ఇక్కడ తక్కువ. డ్రగ్స్ వ్యవహారమో శాంతిభద్రతలకు భంగమో ఉందనడానికి సరైన కారణం ఉండాలి. ఇంత వెసులుబాటు ఎందుకంటే, చట్టం దృష్టిలో ఇది వ్యాపారం కాదు. సభ్యులు ఉమ్మడిగా కొనుక్కున్న సరుకును తమలో తామే పంచుకోవడం. ఈ క్లబ్బుల చరిత్రలో ఒక తమాషా ఉంది. శ్రామికుల క్లబ్బుల యూనియన్‌ని 1862లో పెట్టిన హెన్రీ సాలీ మద్యం ముట్టని మతబోధకుడు. పబ్బులకు దూరంగా కార్మికులకు చదువూ కాలక్షేపమూ ఇద్దామన్నది ఆయన ఆలోచన. కొన్నేళ్లకే ఆ క్లబ్బుల్లోకి బీరు వచ్చేసింది.

ఆ వెసులుబాటుకి బదులుగా చట్టం అడిగేవి తక్కువేమీ కాదు. కనీసం 25 మంది సభ్యులుండాలి. దరఖాస్తు పెట్టిన మనిషికి సభ్యత్వం ఇవ్వడానికి మధ్య కనీసం రెండు రోజులు గడవాలి. అంటే గేటు దగ్గర టేబుల్ వేసి "5 పౌండ్లు కట్టండి, ఈ రోజుకి మీరు మెంబర్" అనడం కుదరదు. మద్యం కొనుగోలు, సరఫరా చూసే కమిటీని సభ్యులే ఎన్నుకోవాలి. కొన్నదానిమీద ఎవరికీ కమిషన్ పోకూడదు, లాభం క్లబ్‌కి తప్ప ఎవరి జేబులోకీ వెళ్లకూడదు. లెక్కల పుస్తకాలు సభ్యులకు చూపించాలి. పదేళ్లుగా ఒకే అధ్యక్షుడు, ఎన్నికలంటే మాట దాటేసే కార్యవర్గం ఉన్న సంఘాలు ఇక్కడే ఆగి ఒకసారి అద్దంలో చూసుకోవడం మంచిది. సభ్యులు 25 కంటే తగ్గితే కౌన్సిల్ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటుంది. కాకపోతే సంఖ్య మళ్లీ పెంచుకోవడానికి మూడు నెలలు గడువిస్తుంది.

"ప్రైవేట్" అన్న మాటకి బలం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడానికి ఒక పాత కేసు ఉంది. అది మనవాళ్లకి సంబంధించినదే. తూర్పు లండన్‌లో ఈస్ట్‌హామ్ సౌత్ కన్సర్వేటివ్ క్లబ్ ఒక భారతీయుడికి సభ్యత్వం నిరాకరించింది. జాతి వివక్ష ఫిర్యాదులు చూసే రేస్ రిలేషన్స్ బోర్డు కోర్టుకి వెళ్లింది. 1973లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ క్లబ్ పక్షానే తీర్పిచ్చింది. వచ్చినవాళ్లందరినీ చేర్చుకోకుండా మనిషిని చూసి నిజంగా ఎంచుకునే క్లబ్ ప్రజల కిందికి రాదు కాబట్టి జాతి వివక్షని నిషేధించే 1968 నాటి చట్టం దానికి వర్తించదంది. 1976లో కొత్త చట్టం వచ్చి, 25 మందీ అంతకు మించీ సభ్యులున్న క్లబ్బులు కూడా రంగు చూసి తలుపు వేయకూడదని తేల్చాకే ఆ దారి మూసుకుంది. ఆ రోజు మనవాణ్ణి బయట నిలబెట్టింది "మేం ఎంచి చేర్చుకుంటాం" అన్న వాదన. బార్ సర్టిఫికెట్ కావాలంటే ఇప్పుడు మన సంఘం నిరూపించాల్సింది దాదాపు అదే: వచ్చినవాళ్లందరినీ గంపగుత్తగా చేర్చుకోవడం లేదని, సభ్యత్వానికి ఒక పద్ధతి ఉందని.

సర్టిఫికెట్ కింద మందు పోయగలిగేది సభ్యులకీ వాళ్ల అతిథులకీ మాత్రమే. అతిథి అంటే నిజంగా సభ్యుడి వెంట వచ్చినవాడు. బయటివాళ్లు హాలు అద్దెకి తీసుకుని పుట్టినరోజు చేసుకుంటే, వచ్చిన రెండు వందల మందినీ కార్యదర్శి గారి అతిథులుగా రాసేస్తే అది ఎవరి దగ్గరా నిలబడదు. అలాంటి రోజులకి విడిగా టెన్ ఇవ్వాలి. క్రికెట్ క్లబ్‌కి ఈ కలయిక బాగా కుదురుతుంది: వారాంతపు మ్యాచ్‌లకి సర్టిఫికెట్, ఏడాదిలో ఏ పదిసార్లో వచ్చే అద్దెలకి టెన్‌లు.

పెళ్లిళ్లు, హాఫ్ శారీ ఫంక్షన్లు, కార్పొరేట్ పార్టీలకి హాలు వారం వారం అద్దెకి ఇచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం అటూ ఇటూ చూడకుండా ప్రెమిసెస్ లైసెన్స్‌కే వెళ్లండి. పర్సనల్ లైసెన్స్ ఉన్న ఒకరిని సూపర్‌వైజర్‌గా చూపించాలి. ఆ లైసెన్స్ కోసం ఒక రోజు కోర్సు, చివర పరీక్ష, నేరచరిత్ర తనిఖీ, 37 పౌండ్ల ఫీజు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారే మనవాళ్లలో అసలు చిక్కు కోర్సు కాదు. ఆ సూపర్‌వైజర్ మరో నగరానికి మారిపోయినప్పుడు పేరు మార్పించడం అందరూ మర్చిపోతారు. ఊరి హాలు లాంటి కమ్యూనిటీ ప్రెమిసెస్‌కి ఒక సడలింపు ఉంది. సూపర్‌వైజర్ బదులు మేనేజ్‌మెంట్ కమిటీయే బాధ్యత తీసుకుంటామని అడగొచ్చు.

విచారణ సంగతికి వస్తే, "ప్రైవేట్ క్లబ్ కాబట్టి ఎవరూ అడగరు" అన్నది పూర్తిగా తప్పు. సర్టిఫికెట్‌కైనా లైసెన్స్‌కైనా గేటుకి లేత నీలం కాగితం మీద నోటీసు 28 రోజులు ఉండాలి, స్థానిక పత్రికలో ప్రకటన రావాలి. ఆ 28 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, పక్కింట్లో ఉండక్కర్లేదు కూడా. ఏ అభ్యంతరమూ రాకపోతే విచారణే ఉండదు, అడిగింది ఇవ్వాల్సిందే. వస్తే ముగ్గురు కౌన్సిలర్ల సబ్-కమిటీ కూర్చుంటుంది. తెలంగాణలో వైన్ షాపు ఎవరికి దక్కుతుందో లాటరీ తేలుస్తుంది. 2023లో ఒక్కో దరఖాస్తుకి తిరిగి రాని ఫీజు 2 లక్షల రూపాయలు. పక్కింటివాళ్ల నిద్ర సంగతి ఆ డ్రాలో ఎవరికీ పట్టదు. ఇక్కడ చర్చంతా దాని గురించే.

నేను వెనక కుర్చీలో కూర్చుని చూసిన ఒక విచారణలో క్లబ్ తరఫు మనిషి సేవ, సంస్కృతి, యువత అంటూ బాగానే మాట్లాడాడు. ఎదురుగా ఒక పెద్దాయన చిన్న నోట్‌బుక్ తీసి, ఏ రోజు ఎన్ని గంటలకి కారు తలుపులు దభాలున వేశారో చదివాడు. చైర్మన్ క్లబ్ వైపు తిరిగి ఒక్కటే అడిగింది: "ఖాళీ సీసాలు బిన్‌లో ఎప్పుడు పోస్తారు?" వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నకి జవాబు ఎవరూ అనుకుని రాలేదు.

కౌన్సిలర్లు చూడాల్సినవి నాలుగే: నేరాలు, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకి ఇబ్బంది, పిల్లల రక్షణ. ఇళ్ల ధరలు పడిపోతాయనీ, ఊళ్లో ఇప్పటికే పబ్బులు చాలనీ, తాగుడు చెడ్డదనీ ఎవరెంత గట్టిగా చెప్పినా వాటిమీద కాదనడానికి లేదు. అలాగే మన సంఘం ఎంత గొప్పదో చెప్పినా మార్కులు పడవు. రాత్రి 9 తర్వాత సీసాలు బయట పారబోయబోమని, పాటలు మొదలైతే కిటికీలు మూస్తామని, మూసే వేళకి అరగంట ముందే లాస్ట్ ఆర్డర్ తీసుకుంటామని షరతులుగా మనమే రాసిస్తే సగం అభ్యంతరాలు విచారణ దాకా రాకుండానే వెనక్కి పోతాయి. నీలం నోటీసు కట్టకముందే ఆ వీధిలో తలుపు తట్టి మాట్లాడటం ఇంకా నయం.

అనుమతి వచ్చిందని అదే వారం బార్ కౌంటర్‌కీ ఫ్రిజ్‌లకీ అడ్వాన్సులు ఇచ్చేయకండి. నిర్ణయం చేతికందాక 21 రోజుల్లోపు మేజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసే హక్కు మీకెంత ఉందో, ఆ నోట్‌బుక్ పెద్దాయనకీ అంతే ఉంది.