ప్రయోగాలు బాగున్నాయి, పట్టిక బాగాలేదు: ఆకర్షణ, గుణగణాలపై ఒక ఇంగ్లీషు పదజాల పాఠం

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారి కోసం అంశాలవారీగా పదజాలాన్ని బోధించే ఒక డిజిటల్ కోర్సులో, మనుషుల మధ్య ఆకర్షణకూ వ్యక్తుల గుణగణాలకూ సంబంధించిన విభాగాన్ని ఇటీవల పూర్తిచేశాను. చదవడానికి కొన్ని చిన్న వ్యాసాలు, వాటి ఆడియో, తెలుగు అర్థాలతో పదాల పట్టిక, చివర ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇందులో ఉన్నాయి. ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల స్పీకింగ్ భాగంలో తెలిసిన ఒక వ్యక్తిని వర్ణించమనే ప్రశ్న తరచుగా ఎదురవుతుంది కనుక, పరీక్షార్థులు ముందుగా వెతుక్కునే విభాగాలలో ఇదీ ఒకటి. వ్యాసాలను శ్రద్ధగా రాసినవారే పదాల పట్టికను కూడా తయారుచేశారంటే నమ్మడం కష్టం. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ తేడా గురించే.

ముందుగా వ్యాసాల సంగతి. ఆకర్షణను కవిత్వానికి వదిలిపెట్టకుండా, సామాజిక మనస్తత్వ శాస్త్రంలోని ప్రయోగాల ఆధారంగా వివరించడం మంచి నిర్ణయం. ఒకే గృహసముదాయంలో ఎవరి తలుపు ఎవరి తలుపుకు దగ్గరగా ఉందన్న దానిని బట్టి స్నేహాలు ఎలా కుదిరాయో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ 1950లో ప్రకటించిన అధ్యయనం ద్వారా 'ప్రాక్సిమిటీ' అన్న మాట పరిచయమవుతుంది. మళ్ళీ మళ్ళీ కంటబడినంత మాత్రాననే ఒక వస్తువు మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లో చూపిన ప్రయోగాలతో 'ఎక్స్‌పోజర్', 'ఫెమిలియారిటీ' వస్తాయి. పదం నిర్వచనంగా కాక సంఘటనలో భాగంగా ఎదురైనప్పుడు, గుర్తుంచుకోవడానికి వేరే శ్రమ అవసరం లేకుండా పోతుంది.

వీటిలో నాకు బాగా నచ్చినది వంతెన ప్రయోగం గురించిన వ్యాసం. కెనడాలోని కాపిలానో లోయ మీద ఊగే వేలాడు వంతెన దాటుతున్న మగవారిని ఒక యువతి ఆపి, కొన్ని ప్రశ్నలడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని తన నంబరు ఇస్తుంది. తక్కువ ఎత్తులో ఉన్న గట్టి వంతెన మీద కలిసినవారికంటే ఊగే వంతెన మీద కలిసినవారే ఎక్కువగా ఫోన్ చేశారని డటన్, ఆరన్ 1974లో తెలిపారు. ఎత్తు వల్ల పుట్టిన గుండెదడను ఎదుటి మనిషి వల్ల పుట్టినదిగా భావించడాన్నే 'మిస్‌ఆట్రిబ్యూషన్' అంటారు. ఇంత పొడవైన పారిభాషిక పదాన్ని ఒక్క కథతో మనసుకు ఎక్కించడం అభినందనీయం. అదే వ్యాసంలో 'డ్రాన్ టు' (ఆకర్షితులవడం), 'ఫాల్ ఫర్' (ప్రేమలో పడడం), 'హిట్ ఇట్ ఆఫ్' (కలిసిన వెంటనే స్నేహం కుదరడం) వంటి రోజువారీ నుడికారాలు కూడా కృత్రిమంగా తోచకుండా కలిసిపోయాయి.

హార్మోన్ల వ్యాసం మాత్రం పలుచగా ఉంది. డోపమైన్‌కు ఒక వాక్యం, ఆక్సిటోసిన్‌కు 'ప్రేమ హార్మోన్' అన్న బిరుదు ఇచ్చి ముగించారు. ఫెరొమోన్లు, అంటే ఒక జీవి ఒంటి నుంచి వెలువడి అదే జాతి జీవుల ప్రవర్తనను ప్రభావితం చేసే రసాయనాలు, మనుషుల ఆకర్షణను నడిపిస్తాయన్నది రుజువైన విషయమన్నట్టు రాశారు. జంతువులలో వాటి పాత్ర స్థిరపడినదే కాని, మనుషులలో అలా పనిచేసే పదార్థం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. భాషా పాఠమైనా, శాస్త్రం పేరు పెట్టుకున్నప్పుడు ఈ జాగ్రత్త ఉండాలి.

ఇక సాలమన్ ఆష్ 1946లో చేసిన ప్రయోగం గురించిన వ్యాసం. ఒక అపరిచితుడు తెలివైనవాడు, నేర్పరి, కష్టపడేవాడు, ఆప్యాయత గలవాడు, పట్టుదల గలవాడు, ఆచరణశీలి, జాగ్రత్తపరుడు అని కొందరికి చెప్పి, మరికొందరికి అదే జాబితాలో 'వార్మ్' (ఆప్యాయత గల) అన్న ఒక్క మాట స్థానంలో 'కోల్డ్' (ఆప్యాయత లేని) అని చెప్పారు. మొదటివారి ఊహలో ఆ మనిషి ఉదారుడిగా, మంచి స్వభావం కలవాడిగా రూపుదిద్దుకుంటే, రెండవవారి ఊహలో అదే తెలివి లెక్కలు వేసుకునే తెలివిగా మారిపోయింది. ఆ స్థానంలో 'పొలైట్' (మర్యాద గల), 'బ్లంట్' (ముక్కుసూటిగా మాట్లాడే) అన్న మాటలను మార్చి చూసినప్పుడు ఇంత తేడా రాలేదు. అంటే గుణవాచకాలు విడివిడిగా అర్థమిచ్చేవి కావు. పక్కనున్న మాటల రంగును అవి పులుముకుంటాయి. తెలుగు పాఠకుడికి ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. 'చల్లని మనసు' మనకు మెచ్చుకోలు, 'కోల్డ్' అక్కడ నింద. వ్యాసం ఈ విషయాన్ని ప్రస్తావించి ఉంటే ఎంతో బాగుండేది.

ఆష్ ప్రయోగాన్ని ఇంత చక్కగా వివరించిన తరువాత, తిప్పిన మరుసటి పుటలోనే ఒక్కొక్క గుణవాచకాన్ని ఒంటరిగా నిలబెట్టి, దాని ఎదురుగా ఒక్కొక్క తెలుగు మాటను అతికించిన పట్టిక కనిపిస్తుంది. 'ఫ్రూగల్', 'థ్రిఫ్టీ', 'స్టింజీ' మూడింటికీ 'పొదుపు చేసే' అన్నదే అర్థం! మొదటి రెండూ పొదుపరికి, మూడవది పిసినారికి చెందిన మాటలు; పొదుపరికీ పిసినారికీ ఉన్న తేడా తెలుగులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషు పదాలలోని మెప్పునూ ఎత్తిపొడుపునూ చూపడానికి అవసరమైన మాటలు మన దగ్గర సిద్ధంగా ఉండగా, వాటిని వాడుకోకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. 'డిటర్మిన్డ్', 'స్టబర్న్' అన్న జంటకు పట్టుదల, మొండితనం అని రాస్తే సరిపోయేది. 'చైల్డ్‌లైక్'లో ఉన్నది పసిమనసు, 'చైల్డిష్'లో ఉన్నది వయసుకు తగని పిల్లచేష్ట; పట్టికలో రెండూ ఒకటే.

పొరపాటు అర్థాలు కూడా లేకపోలేదు. 'కాన్షియెన్షస్' అంటే 'మనస్సాక్షి గల' అని ఇచ్చారు. ఆ పదం పుట్టుక అటువైపే ఉన్నా, వాడుకలో దాని అర్థం చేసే పనిని శ్రద్ధగా, బాధ్యతగా, లోపం లేకుండా చేసే మనిషి అని. మనస్తత్వ శాస్త్రవేత్తలు వ్యక్తిత్వాన్ని కొలిచే 'బిగ్ ఫైవ్' అనే ఐదు ప్రధాన లక్షణాలలో ఇది ఒకటి కనుక, దీన్ని తప్పుగా నేర్చుకున్నవారికి ఆ అంశంపై ఏ వ్యాసమూ సరిగా అర్థం కాదు. 'సెల్ఫ్ కాన్షస్' అన్న మాటకు 'ఆత్మజ్ఞానం గల' అని రాసిన తీరు చూస్తే నవ్వు వస్తుంది. పదిమందీ తననే చూస్తున్నారేమోనని ముడుచుకుపోయేవాడిని ఇది వేదాంతిని చేసింది. 'సెన్సిబుల్', 'సెన్సిటివ్' మధ్య తేడాను మాత్రం సరిగానే చూపారు.

గుణవాచకాలను ఎలా బోధించాలో చెప్పడానికి ఆధారాలు లేక కాదు. ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ 1936లోనే ఒక పెద్ద నిఘంటువు నుంచి మనుషులను వర్ణించే పదాలను దాదాపు 18,000 దాకా ఏరి వర్గీకరించారు. నార్మన్ ఆండర్సన్ 1968లో 555 గుణవాచకాలను విద్యార్థుల ముందుంచి, అలాంటి మనిషి ఎంతగా నచ్చుతాడో అంకెలు వేయించాడు. 'సిన్సియర్' అన్నిటికంటే పైన, 'లయర్' అన్నిటికంటే కింద నిలిచాయి. పట్టికలో ప్రతి పదం పక్కనా ఇది మెప్పా, నిందా, తటస్థమా అని తెలిపే చిన్న గుర్తు ఒకటి ఉంటే చాలు, అక్షరక్రమం కన్నా ఎక్కువ ఉపయోగపడేది.

అభ్యాసాల విషయంలో మూడు లోపాలు చెప్పాలి. 'రిలయబుల్' అని పూరించవలసిన చోట 'డిపెండబుల్' అని రాస్తే తప్పుగా చూపుతుంది. రెండూ సరైనవే అయినప్పుడు ఇది అభ్యాసకుడి నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. 'లాయల్ టు', 'పేషెంట్ విత్', 'జెలస్ ఆఫ్' వంటి జోడింపులపై ఒక్క ప్రశ్న కూడా లేదు. ఎదుటివారి లోపాన్ని నేరుగా అనకుండా 'కెన్ బీ', 'ఎ బిట్', 'టెండ్స్ టు' వంటి మాటలతో మెత్తబరచే ఇంగ్లీషు మర్యాదను కూడా పూర్తిగా వదిలేశారు. అది తెలియకపోతే, వ్యాకరణ దోషం ఒక్కటీ లేకుండానే మొరటుగా మాట్లాడవచ్చు.

ఆడియో నాణ్యత బాగుంది. 'కరిజ్మా'లో ఊనిక రెండవ అక్షరం మీద, 'కరిజ్‌మాటిక్'లో మూడవ అక్షరం మీద పడడాన్ని వినిపించి, మళ్ళీ పలికించే పద్ధతి ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. మధ్యమ స్థాయి దాటినవారు ఈ విభాగాన్ని వ్యాసాల కోసం, ఆడియో కోసం నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పట్టికలోని తెలుగు అర్థాలను మాత్రం పక్కనబెట్టి, మంచి ఇంగ్లీషు నిఘంటువులోని ఉదాహరణ వాక్యాలను చూసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవారు పట్టికనే నమ్ముకుంటారు కనుక వారికి దీన్ని సూచించలేను. వారిలో ఎవరైనా ఈ పట్టికలో 'ఇంటిపట్టున ఉండే, అణకువ గల' అన్న అర్థంతో ప్రశంసగా చూపిన 'హోమ్లీ' అన్న మాటను ఒక అమెరికన్ సహోద్యోగినిపై ప్రయోగిస్తే, ఆమెకు వినిపించేది 'అందవిహీనురాలు' అనే.