నలభై దాటాక గిటారు కొంటున్నారా? టేపు పెట్టి కొలవకుండా డబ్బు కట్టకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నలభై యాభై ఏళ్ల వయసులో కొత్తగా గిటారు పట్టుకుంటున్నవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. పిల్లల చదువులు ఒక దరికి చేరాక, ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న కోరిక తీర్చుకుందామని మొదలుపెట్టేవాళ్లు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నెల్లూరులో ఒక వాయిద్యాల దుకాణంలో 8,500 రూపాయలు పెట్టి నేను కొన్న గిటారు తయారీలోనే లోపమున్నది. ఎంత శ్రుతి చేసినా దాని మీద పాట పలకదు. డబ్బు పోవడం ఒక బాధ. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి వాళ్లు నా వయసును అడ్డం పెట్టుకోవడం అంతకంటే పెద్ద బాధ.

మేము ఐదుగురం. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరికి మందుల దుకాణం ఉంది, ఇద్దరు బడిలో టీచర్లు, నేను జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారం సాయంత్రాలు మాగుంట లేఅవుట్‌లో ఒక మిత్రుడి మేడ మీద చేరి ఇంగ్లండ్ బృందం బీటిల్స్ పాటలు వాయించుకుంటాం. ఆ బృందం 1970లోనే విడిపోయింది, అప్పటికి మాలో ఎవరమూ పుట్టలేదు. హాస్టల్ రోజుల్లో చేతులు మారి వచ్చిన క్యాసెట్లతో అంటుకున్న ఇష్టం ఇప్పటికీ వదల్లేదు. వాళ్ల పాటల్లో చాలావాటికి నాలుగైదు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే వేళ్ల పట్లు, వస్తే చాలు కాబట్టి కొత్తవాళ్లం ధైర్యం చేయగలిగాం. అయితే ఇద్దరు ముగ్గురు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడటమే వాళ్ల పాటల ప్రాణం. ఒక్క గిటారు శ్రుతి తప్పినా గొంతులన్నీ దారి తప్పుతాయి. అందుకే ఈ లోపం మమ్మల్ని అంతగా ఇబ్బంది పెట్టింది.

దుకాణానికి వెళ్లినప్పుడే స్పష్టంగా చెప్పాను: మొదటిసారి నేర్చుకుంటున్నాను, ఇనుప తీగల గిటారు కావాలి, మధ్యరకం ధరలో ఉన్నా ఫర్వాలేదు, నాలుగు కాలాలపాటు నిలవాలి. తల భాగం మీద పేరున్న కంపెనీ ముద్ర కనిపించే గిటారు తీసి చేతికిచ్చారు. దానితోపాటు మూడు నెలల క్లాసులకు 6,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. బిల్లు అడిగితే ఇచ్చారు. అందులో "గిటారు – 1" అని మాత్రమే రాశారు. కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. ఆ ఒక్క గీతలో ఎంత తిరకాసు ఉందో తరువాత బయటపడింది.

మొదటి మూడు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) దగ్గర తేలిక కార్డులు ఫర్వాలేదనిపించాయి. చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ కార్డు పట్టాలంటే మాత్రం చూపుడు వేలి మీద తీగ అచ్చు లోతుగా దిగిపోయేది, అయినా సగం తీగలు మూగగా ఉండేవి. మెడ మీద పైకి వెళ్లేకొద్దీ ప్రతి స్వరం ఉండాల్సిన శ్రుతి కంటే కాస్త కాస్త పైకి పలికేది. ఒక ఆదివారం మావాళ్లు ఏడో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి వాయించాల్సిన పాట ఒకటి ఎత్తుకున్నారు. అందరం ఒకే ట్యూనర్‌తో, అంటే శ్రుతి సరిచూసే పరికరంతో, శ్రుతి చేసుకున్నాం. కాపో బిగించగానే నా గిటారు ఒక్కటే మిగతావాటితో పేచీ పెట్టుకున్నట్లు వినిపించింది. పాడేవాళ్లు ఆపేసి నావైపు చూశారు.

దుకాణంలో అడిగితే "కొత్తలో అందరికీ ఇంతే మేడం, వేళ్లు అలవాటు పడాలి" అన్నారు. వాళ్లు ఏర్పాటు చేసిన క్లాసులో కుర్ర మాస్టారు ఇంకొంచెం మృదువుగా చెప్పాడు: "ఈ వయసులో వేళ్లు తొందరగా తిరగవు మేడం, మీరు గట్టిగా నొక్కి తీగను సాగదీస్తున్నారు." ఆ మాట విన్నాక రాత్రిళ్లు వేళ్ల చివర్లు మండుతున్నా సాధన చేశాను. మాలో మందుల దుకాణం ఆయన కూడా అక్కడే, ఇదే రకం గిటారు కొన్నాడు. ఆయనకూ ఇదే మాట చెప్పారు. ఆయన నమ్మాడు. "నాకు రాసిపెట్టి లేదులే అక్కా" అని గిటారును అటక ఎక్కించి, ఆదివారాలు రావడమే మానేశాడు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఇరవై ఏళ్ల కుర్రవాడైతే గిటారు బాగాలేదని గొడవకు దిగుతాడు. మన వయసువాళ్లం ముందు మన వేళ్లనే అనుమానిస్తాం. ఆ సంగతి అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

అసలు విషయం పట్టుకున్నది మా వీధిలో ఉండే విశ్రాంత వీణ టీచరు. పిన్ని అని పిలుస్తాను. ఆవిడకు గిటారు గురించి ఏమీ తెలియదు. ఒడిలో వీణలా అడ్డంగా పెట్టుకుని, సన్నని తీగను ఊరికే మీటి, తరువాత పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటారు. మళ్లీ ఒకసారి. తల అడ్డంగా ఊపారు. "అమ్మాయీ, పన్నెండో మెట్టు మీద పై షడ్జమం పలకాలి కదా. ఇది దాటిపోతోంది" అన్నారు. వీణకు 24 మెట్లు, రెండు స్థాయిలు. పన్నెండో మెట్టు దగ్గర పై స్థాయి మొదలవుతుంది. గిటారుకూ అదే లెక్క. "వీణకైతే మైనం కరిగించి మెట్టు జరుపుకుంటాం. దీని మెట్లు చెక్కలోకి దిగ్గొట్టేశారు, వేలు ఎవరిదైనా ఇంతే పలుకుతుంది" అని నా చేతికిచ్చేశారు.

అప్పుడు టేపు తీశాను. తీగ పొడవును సగం చేస్తే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది, ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. గిటారు తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఎంత దూరం ఉంటే, అక్కడి నుంచి బ్రిడ్జి (గిటారు పొట్ట మీద తీగలు బిగించే చెక్క) మీది తెల్లని పట్టీ, అంటే శాడిల్ దాకా అంతే దూరం ఉండాలి. నిజానికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువే ఉండాలి, ఎందుకంటే నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పైకి పోతుంది, ఆ తేడా సరిపోవడానికి శాడిల్‌ను వెనక్కి పెడతారు. మందపు తీగల వైపు ఇంకాస్త వెనక్కి ఉంటుంది కాబట్టే మంచి గిటారులో ఆ పట్టీ ఏటవాలుగా కనిపిస్తుంది. నా గిటారులో నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు 325 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి శాడిల్‌కు 321. ఎక్కువ ఉండాల్సిన చోట నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. శాడిల్ ఏటవాలుగా కాదు, తిన్నగా ఉంది. పైగా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. సాధారణంగా రెండు నుంచి రెండున్నర దాకా ఉంటే నొక్కడం సుఖం. అయిదో తీగ ఊరికే మీటితే 110 హెర్ట్జ్, పన్నెండో ఫ్రెట్ మీద 220 రావాలి. ఫోనులో ట్యూనర్ 223 దాకా చూపించింది. చెవి ఒప్పుకునే తేడా కాదది.

ఈ కొలతలన్నీ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లాను. "మన ఊరి తేమకు చెక్క వంగింది మేడం, అది మా బాధ్యత కాదు" అన్నారు. తేమ మాట పూర్తిగా అబద్ధం కాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ గాలికి చెక్క ఉబ్బుతుంది, బ్రిడ్జి వెనక పొట్ట లేస్తుంది, తీగ ఎత్తు పెరుగుతుంది, తీగలు తుప్పు పడతాయి. కానీ తేమకు బ్రిడ్జి అంగుళంలో పావు వంతు ముందుకు జరగదు. జరిగితే జిగురు ఊడిన గీత కనిపించాలి. నా గిటారులో బ్రిడ్జి చెక్కుచెదరకుండా, ఫ్యాక్టరీలో ఎక్కడ అంటించారో అక్కడే ఉంది. అది చూపించాక గోడ మీది బోర్డు చూపించారు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". కంపెనీకి రాస్తానంటే, "మేము ఆ కంపెనీ గిటారు అని బిల్లులో ఎక్కడ రాశాం?" అన్నారు. తల మీది ముద్రను గోటితో గీకి చూస్తే అది పైన అతికించిన స్టిక్కరు. లోపల రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే తయారీదారు చీటీ లేదు, చింపేసిన జిగురు మరక ఉంది.

నా ఫిర్యాదు చవక గిటారు గురించి కాదు. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ కుర్రతనంలో వాయించిన గిటారు కూడా చవకదే. దాని లోపల, పగలదని హామీ ఇచ్చే చీటీ అంటించి ఉండేది. తక్కువ ధర గిటారులో చెక్క నాసిగా ఉండవచ్చు, నాదం పలచగా ఉండవచ్చు, అవి భరించవచ్చు. ఫ్రెట్లు, బ్రిడ్జి ఉండాల్సిన చోట ఉండటానికి మాత్రం ఖరీదైన చెక్క అక్కర్లేదు, సరైన కొలత చాలు. వయసు మాట కూడా తేల్చేస్తాను. బ్యాంకు మిత్రుడి గిటారు నాకంటే తక్కువ ధరదే, తీగ ఎత్తు సరిగ్గా ఉంది. దాని మీద నా ఎఫ్ కార్డులో ఆరు తీగలూ పలికాయి. వేళ్లు అవే, వయసు అదే.

కొనడానికి వెళ్లేటప్పుడు ఒక టేపు వెంట తీసుకెళ్లండి, ఇనుప స్కేలైతే ఇంకా మంచిది. ఫోనులో ఉచిత ట్యూనర్ వేసుకోండి. శ్రుతి చేయించి, ఒక్కో తీగను ఊరికే మీటి, పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటి చూడండి. సూది అయిదు సెంట్లకు (సెంట్ అంటే పక్కపక్క ఫ్రెట్ల స్వరాల తేడాలో నూరో వంతు) అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. పది దాటితే కింద పెట్టేయండి. వీణో వయోలినో వచ్చినవాళ్లు తోడుంటే యాప్ కంటే మేలు. నెల్లూరులో బాలసుబ్రహ్మణ్యం గారి పేరు పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, అక్కడ నేర్చుకునే పిల్లలు మీ బంధువుల్లోనో వీధిలోనో ఎవరో ఒకరు ఉంటారు. ఆ చెవులను అరగంట అడిగి తీసుకెళ్లండి. కొందరు చేసినట్లు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి కొన్నా పరీక్ష మాత్రం ఇదే.

నైలాన్ తీగల గిటారుకు ఇనుప తీగలు వేసి అమ్మడం మరో మోసం. ఒంగోలులో మా బంధువుకు అలా అంటగట్టారు. ఇనుప తీగలు ఆరూ కలిపి దాదాపు 70 కిలోల బరువుతో బ్రిడ్జిని లాగుతాయి, నైలాన్‌వైతే సుమారు 40 కిలోలు. ఆ రెండో లెక్కకు కట్టిన గిటారు మొదటి బరువును మోయలేదు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ బంధువు గిటారు బ్రిడ్జి పై చెక్క పెచ్చుతో సహా లేచి వచ్చింది. మెడ వెడల్పుగా, తల భాగంలో రెండు పొడుగు చీలికలు ఉంటే అది సాధారణంగా నైలాన్ తీగల గిటారే. దానికి ఇనుప తీగలు బిగించి ఉంటే కొనకండి.

క్లాసుల డబ్బు గిటారుతో కలిపి కట్టకండి. అమ్మినవాళ్ల దగ్గరే జీతం తీసుకునే మాస్టారు ఆ గిటారులో లోపం ఉందని చెప్పలేడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, అతని పరిస్థితి అది.

బిల్లులో కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు రాయించండి. "బిల్లు కావాలంటే పన్ను అదనం" అంటే బయటికి వచ్చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వస్తువు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి. లోపమున్న సరుకు విషయంలో గోడ మీది బోర్డు చెల్లదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంటుంది. కొన్న ఊళ్లోనే కాదు, మీరు ఉంటున్న జిల్లాలోనూ వేయవచ్చు.

నేను కొలతలు, ఫొటోలు జతచేసి దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. ఇంకో 3,000 కడితే వేరే గిటారు ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. మందుల దుకాణం మిత్రుడు కూడా అటక మీది గిటారు దించి కొలిచాడు, ఆయనదీ అదే తేడా. ఇద్దరం ఫిర్యాదు వేస్తున్నాం.

మీరూ ఇలాంటిదే కొని ఉంటే శాడిల్ గీయించకండి, బ్రిడ్జి మరమ్మతు చేయించకండి, తీగలు కూడా మార్చకండి. మరమ్మతు చేసిన వస్తువు మీద లోపం మీదేనంటారు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి, ట్యూనర్ సూది కనిపించేలా వీడియో తీయండి, దుకాణంవాళ్లతో మాటలు ఫోనులో కాకుండా సందేశాల్లో, ఉత్తరాల్లో నడపండి. పెట్టె, దాని మీది చీటీలు, క్లాసుల రసీదు పారేయకండి.