నోరు కట్టుకోవాలా, కొలిచి తినాలా? తీపి యావకు ఏది మేలు

తిరుపతిలో కాపురముంటూ తీపికి దూరంగా ఉండటం తేలిక కాదు. కొండకు పోయొచ్చినవాళ్లు ఎవరో ఒకరు లడ్డూ చేతిలో పెడతారు, ప్రసాదాన్ని వద్దనలేం. సాయంత్రం టీ వేళ, రాత్రి భోజనమయ్యాక నోరు తీపి అడిగితే మనకున్న దారులు మూడు: పూర్తిగా మానడం, బదులు ఇంకోటి తినడం, కొలిచి తినడం.

ముందు అది ఆకలో, యావో తేల్చుకోవాలి. ఇప్పుడు సంగటి ముద్ద, పప్పు పెడితే తింటారా? తింటానంటే ఆకలి. సంగటి వద్దు, లడ్డూనే కావాలంటే యావ. ఆకలి మెల్లగా పెరుగుతుంది, తినేదాకా పోదు. యావ ఉన్నట్టుండి వస్తుంది. పావుగంటో ఇరవై నిమిషాలో వేరే పనిలో పడితే చాలాసార్లు దానంతటదే సద్దుమణుగుతుంది. నిద్ర చాలనప్పుడు మాత్రం రెండూ కలిసి మీద పడతాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి, చాలనిపించే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లు ముందు పడుకోవడమే మందు.

రెండు సందర్భాల్లో ఈ పరీక్ష పెట్టుకుని కూర్చోకూడదు. షుగరుకు ఇన్సులినో మాత్రలో వాడేవాళ్లకు చెమట, వణుకుతో తీపి మీదికి మనసు పోతే షుగరు పడిపోయిందేమో చూడాలి. 70 కంటే తక్కువుంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇక పచ్చి బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తే అది రక్తహీనత కావచ్చు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.

బదులు తినడం ఆకలికి బాగా పనిచేస్తుంది. గుప్పెడు, అంటే 30 గ్రాముల చెనిక్కాయ పప్పుల్లో 170 కిలోకేలరీలు, 7 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటాయి. రాత్రి భోజనం దాకా ఆపుతాయి. యావకు ఇవి చాలవు. గుప్పెడు పప్పులు తిని, ఆపైన లడ్డూ కూడా తింటారు. ‘బెల్లమే కదా’ అని చెనిక్కాయ ఉంటలు తినడం ఇంకో పొరపాటు. చిత్తూరు బెల్లానికి ఎంత పేరున్నా 100 గ్రాములకు 380 కిలోకేలరీల దాకా ఇస్తుంది, చక్కెరకు 400. తేడా రుచిలోనే.

పూర్తిగా మానేస్తే మొదట్లో యావ పెరుగుతుంది, వద్దనుకున్నదే కళ్ల ముందు ఆడుతుంది. ఒక్కసారి తప్పితే ‘ఎలాగూ చెడింది’ అని డబ్బా ఖాళీ చేస్తారు. అయినా ఒక ముక్కతో ఆగలేనివాళ్లకు ఇదే మేలు. కాకపోతే తీపి ఇంట్లోనే ఉండకూడదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని మానడమంత చెడ్డ పద్ధతి ఇంకోటి లేదు.

మిగతా అందరికీ కొలిచి తినడమే నిలుస్తుంది. అయితే కొలత కంటితో కాదు, కత్తితో. తి.తి.దే. దిట్టం, అంటే సరుకుల కొలతల పట్టీ ప్రకారం 5,100 లడ్డూలకు 180 కిలోల శనగపిండి, 165 కిలోల నెయ్యి, 400 కిలోల చక్కెర పడతాయి. భాగిస్తే లడ్డూకు 78 గ్రాముల చక్కెర, 32 గ్రాముల నెయ్యి. రోజుకు 2,000 కిలోకేలరీలు తినేవాళ్లు చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 25 లెక్కన చూస్తే ఒక్క లడ్డూతో మూడు రోజుల కోటా అయిపోయినట్టే.

అందుకే తెచ్చిన రోజే, మెత్తగా ఉన్నప్పుడే, ఎనిమిది ముక్కలు కోయండి. ముక్కకు 10 గ్రాముల చక్కెర, సుమారు 100 కిలోకేలరీలు. మధ్యాహ్న భోజనం ముగియగానే ఒక ముక్క ప్లేట్లో పెట్టుకుని, కూర్చుని తినాలి. ఖాళీ కడుపుతో మొదలుపెడితే ఒకటి రెండవుతుంది, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి తింటే లెక్కే ఉండదు. ఈ ముక్కకు చోటు టీలోంచి రావాలి: మూడు కప్పులకు రెండేసి చెంచాలంటే అక్కడే 24 గ్రాములవుతుంది. ఒక్కో చెంచా తగ్గిస్తే 12 గ్రాములు మిగులుతాయి, ముక్క అందులో సరిపోతుంది.

డబ్బా అడుగున రాలిన బూందీ పొడి కూడా లెక్కలోదే. దాన్ని స్పూనుతో ఎత్తి నోట్లో వేసుకునేవాళ్లు తొమ్మిదో ముక్క తింటున్నారు.