లోపలి గొంతులను చార్టు మీద చూపించిన కోచింగ్ సెషన్

ఉద్యోగం మానేయాలా వద్దా అని నెలల తరబడి నలిగిపోయి, చివరికి ఇలాంటి నిర్ణయాల్లో సాయపడే ఒక కోచ్ దగ్గర "ఇన్నర్ టీమ్" (మనసులోని గొంతులన్నిటినీ ఒక జట్టులా చూడటం) సెషన్ తీసుకున్నాను. జర్మన్ మనస్తత్వవేత్త షుల్జ్ ఫాన్ టూన్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పెద్ద చార్టు మీద మనిషి ఆకారం గీసి, మనసులో వినిపించే ఒక్కో గొంతుకీ ఛాతీలో ఒక చిన్న బొమ్మ వేసి, దానికో పేరు పెట్టి, అది చెప్పే మాటని పక్కన ఒకే వాక్యంలో రాయాలి. "వెళ్లిపో, ఊపిరి ఆడటం లేదు" అనేవాడు నా చార్టులో మధ్యలో పెద్దగా కూర్చున్నాడు. అప్పు వాయిదాలు లెక్కపెట్టే ఆవిడ పక్కనే. అరగంట తర్వాత కోచ్ "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగితే, మూలన పెన్సిల్‌తో సన్నగా ఇంకో బొమ్మ గీసి, "నా పనిని ఎవరూ గుర్తించలేదు" అని రాసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అసలు గొడవంతా దానిదే! అలా ఆలస్యంగా, మెల్లగా మాట్లాడే గొంతుల కోసం ఆగడం నాకు చాలా నచ్చింది. ఏ గొంతునీ తరిమేయరు, అందరి మాటా విన్నాక నిర్ణయం మాత్రం మనదే.

లోటు ఏంటంటే, ఆ గొంతుల చేత ఒకదానితో ఒకటి మాట్లాడించే భాగాన్ని టైమ్ చాలక హడావుడిగా ముగించారు. బొమ్మలు గీయడం రాకపోయినా పర్లేదు, సున్నాలు చుట్టినా చాలు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి, ఇది చికిత్స కాదు. నేనైతే రెండో సెషన్ బుక్ చేసుకున్నాను.