అన్ని కాలాల్లో కొండలెక్కిన ట్రెక్కింగ్ బూట్లు

హైదరాబాదు నుంచి మిత్రులతో కలిసి ఏడాది పొడవునా శిఖరాలెక్కే నాకు, చీలమండ దాకా వచ్చే ఈ వాటర్‌ప్రూఫ్ బూట్లు మంచి తోడుగా నిలిచాయి. మహారాష్ట్రలోకెల్లా ఎత్తయిన కల్సుబాయి (1,646 మీటర్లు) మీదికి వానాకాలంలో బారి గ్రామం వైపు నుంచి వెళ్లినప్పుడు, బురదలో వీటి పట్టు ఎక్కడా సడలలేదు. అయితే నిటారు రాళ్ల దగ్గర అమర్చిన ఇనుప నిచ్చెనలు తడిసి ఉన్నప్పుడు ఏ బూట్లకైనా జారుడు తప్పదు కనుక, చేతులతో కమ్మీలు గట్టిగా పట్టుకునే ఎక్కాలి. పైనుంచి మేజోళ్ల గుండా నీరు లోపలికి దిగితే మాత్రం, బయటి తడిని ఆపే పొరే దాన్ని లోపల నిలిపేస్తుంది. మరునాటికి కూడా అవి ఆరవు. అందుకే వానల్లో పిక్కలకు గెయిటర్లు (బూటు పైఅంచును, పిక్కను కలిపి కప్పే తొడుగులు) తప్పనిసరి, అవి జలగలను కూడా కొంత అడ్డుకుంటాయి.

చలికాలంలో కర్ణాటకలోని కుమార పర్వతం (1,712 మీటర్లు) నుంచి కుక్కే సుబ్రహ్మణ్య వైపు దిగేటప్పుడు వీటి అసలు విలువ తెలిసింది. అంత సుదీర్ఘమైన దిగుడులోనూ బొటనవేళ్ల గోళ్లు ఒత్తుకోలేదంటే, కాస్త పెద్ద సైజు తీసుకోవడం, దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టుకోవడమే కారణం. వేసవిలో ఇవి బరువు, పైగా ఉక్క. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరక ముందే దిగివచ్చే చిన్న కొండలకు తేలికపాటి బూట్లే మేలు.