జమీ ఇంటి ప్రేమకథకు ఏ యుద్ధం మేలు: 1914 మద్రాసా, 1942 మద్రాసా?

గోదావరి జిల్లాలో పొలాలు, మద్రాసులో బంగళా, ఇనప్పెట్టెలో పైకి రాకూడని కాగితాలు, పెద్దలు ఒప్పుకోని ప్రేమ. చెన్నైలో కూర్చుని తెలుగు నవల మొదలుపెట్టేవాళ్లకు ఇంతవరకు తేలిగ్గానే కుదురుతుంది. దీన్ని ఏ యుద్ధం ముంగిట నిలబెట్టాలన్నదే చిక్కు.

1914తో ఇబ్బంది ఏమిటంటే, అప్పుడు యుద్ధం ముంచుకొస్తున్నట్టు ఊరికి తెలియదు. ఆగస్టు 4న బ్రిటన్ రంగంలోకి దిగింది. సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ నౌక ఎండెన్ వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద నూరుకు పైగా గుండ్లు పేల్చి, చూస్తుండగానే వెళ్లిపోయింది. అప్పటిదాకా దీపాలు ఆర్పమన్నవాళ్లే లేరు. పెద్ద కథకైతే చాలదు కానీ ఒక్క రాత్రి కథకు దీన్ని మించింది లేదు. డాబా మీద ప్రేమికులను కూర్చోబెడితే మాత్రం వెన్నెల పెట్టకండి. అమావాస్య వెళ్లి మూడు రోజులైనా కాలేదు, చంద్రుడు పొద్దుగూకిన కాసేపటికే దిగిపోయాడు. ఆ మొహాల మీద పడే వెలుగంతా తగలబడుతున్న నూనెదే. మర్నాడు పెద్దాయన చేతికి ఆంధ్రపత్రిక ఇవ్వొచ్చు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే అది మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది.

1942 అలా కాదు, మెట్టుమెట్టుగా దగ్గరకొస్తుంది. ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పోయాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. మద్రాసు ఖాళీ అవుతోంది, సర్కారు కచేరీలు లోపలి జిల్లాలకు తరలుతున్నాయి. మన బంగళాలోనూ పెట్టెలు సర్దాలి. సర్దాలంటే ఇనప్పెట్టె తెరవాలి, తెరిచేవాడికి తాళం ఇవ్వాలి. గుట్టు బయటపడడానికి ఇంతకంటే సహజమైన కారణం దొరకదు. పైగా, ప్రాణభయంతో రైలెక్కి సొంత జిల్లా చేరినవాళ్లకు ఏప్రిల్ 6న కాకినాడలోనే జపాను బాంబులు ఎదురవుతాయి. ఇది కల్పన కాదు, అదే రోజు విశాఖ మీదా పడ్డాయి.

చట్టం దగ్గరా 1942దే పైచేయి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే. నాయిక ఉమ్మడి కుటుంబంలో విధవ అనుకుందాం. 1914లో ఆమెకు దక్కేది మనోవర్తి మాత్రమే. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం భర్త వాటాను బతికినన్నాళ్లూ అనుభవించే హక్కు ఇచ్చింది. అయితే రాష్ట్రాల్లోని వ్యవసాయ భూమికి అది వర్తించదని ఫెడరల్ కోర్టు 1941లో తేల్చింది. మద్రాసులో పొలాలకూ వర్తింపజేసింది 1947లో. అంటే 1942లో ఆమెకు బంగళాలో వాటా ఉంది, వరిచేలో లేదు. మారుమనువు చేసుకుంటే 1856 వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం ఆ బంగళా వాటా కూడా పోతుంది. మరిదులు ఆమె కదలికల మీద కన్నేసి ఉంచడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ పెద్దకొడుకొక్కడికే సంక్రమించే అవిభాజ్య జమీందారీ అని రాశారా, 1937 చట్టం అసలు వర్తించదు, కథ మొదలంటా కూలుతుంది. మోతుబరి ఉమ్మడి కుటుంబం చాలు.

కులాంతరమైతే లెక్క వేరు. 1914లో రిజిస్టరు పెళ్లి కావాలంటే ఇద్దరూ తాము హిందువులం కామని రాసివ్వాలి. రిజిస్టరు పెళ్లి చట్టానికి 1923లో వచ్చిన సవరణతో ఆ అవసరం తప్పింది కానీ, అలా పెళ్లాడిన కొడుకు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే. ఒక్కగానొక్క కొడుకైతే తండ్రి మరొకణ్ణి దత్తత చేసుకోవచ్చు కూడా. కాబట్టి 1942లో తండ్రి "నువ్వు నా కొడుకువే కాదు" అంటే అది ఉత్త తిట్టు కాదు, రేపు వకీలు దగ్గరికి వెళ్తానని చెప్పడం. మళ్లీ విధవ కథకొస్తే, దాచిన కాగితం ఏదో ఒకటి కావాలంటే దత్తతకు భర్త ఇచ్చిన అనుమతి పత్రం పెట్టండి. మన వైపు అది లేకపోతే విధవ దత్తతకు సపిండుల, అంటే భర్త వైపు దగ్గరి జ్ఞాతుల, సమ్మతి కావాలి, ఇక్కడ వాళ్లు ఆ మరిదులే.

1939ని ఎంచుకుంటామనేవాళ్లూ ఉన్నారు. యుద్ధం ప్రకటించారు, కాంగ్రెసు మంత్రివర్గం దిగిపోయింది. బంగళాలో ఎవరూ పెట్టె సర్దలేదు.

నవలకైతే 1942. ఒక్క జాగ్రత్త: ఆ ఏప్రిల్‌లో మద్రాసు మీద బాంబు వేయించకండి. అక్కడ విమానం వచ్చి బాంబు వేసింది 1943 అక్టోబరులో.