మా అమ్మాయి డ్రా చేసిన ఆట, లీచెస్‌లో చూశాక

ఆరు నెలలుగా మా అమ్మాయి చెస్ టోర్నమెంట్ ఆటలన్నీ లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లోనే ఎక్కించి చూసుకుంటున్నాం. దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం మొన్నటి ఐదో రౌండ్ తర్వాతే.

మా అమ్మాయి రేటింగ్, అంటే ఆట బలాన్ని చెప్పే అంకె, 1521. ఎదురుగా కూర్చున్నాయనది 1921. ఆట దాదాపు నాలుగు గంటలు సాగింది, బయట నాకు ఒకటే టెన్షన్. వచ్చి "డ్రా నాన్నా" అంది. "ఆయనేమైనా పొరపాటు చేశాడా?" అని అడిగేశాను. మొహం చిన్నబుచ్చుకుంది. అలా అడగకుండా ఉండాల్సింది.

రాత్రి స్కోర్‌షీట్ (ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితం) ముందు పెట్టుకుని ఒక్కో ఎత్తూ ఎక్కించాం. చివర్లో రాత ఎంత వంకర పోయిందంటే, గుర్రం ఏ గడిలోకి వెళ్లిందో రెండు మూడుసార్లు చూస్తేగానీ తెలియలేదు. ఆయనకి జీ5, హెచ్5లో బంట్లు, తెల్ల గళ్ల బిషప్ ఉన్నాయి. తనకి రాజు కాక మిగిలింది ఒక్క గుర్రం. దాన్ని కూడా జీ5 బంటు కోసం ఇచ్చేసింది! నేనైతే ఆట పోయిందే అనుకునేవాణ్ణి. అనాలిసిస్ బోర్డులో పుస్తకం బొమ్మ నొక్కితే డ్రా అని చూపించింది. బోర్డు మీద ఏడు పావులు, అంతకంటే తక్కువ మిగిలితే అక్కడ కనిపించేది అంచనా కాదు, తేలిపోయిన ఫలితం.

ఎందుకు డ్రానో మాత్రం ఏ ఇంజినూ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామూ) చెప్పదు. అమ్మాయే చెప్పింది. మిగిలిన హెచ్ బంటు చివరి వరసకి చేరి క్వీన్ అవ్వాల్సింది హెచ్8లో, అది నల్ల గడి. ఆయన బిషప్ తిరిగేది తెల్ల గళ్లలో. మన రాజు ఆ మూలకి చేరితే ఇక కదిలించలేరు, గట్టిగా తోస్తే స్టేల్‌మేట్, అంటే రాజుకి చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేక డ్రా, అయిపోతుంది. అరగంట నేను తెల్లపావులతో ప్రయత్నించాను, కుదరలేదు.

తన కే ఫ్యాక్టర్ (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత మారాలో లెక్కగట్టే అంకె) 40 కాబట్టి, తనకంటే 400 ఎక్కువ ఉన్నాయనతో ఆ ఒక్క డ్రాకే 16.8 రేటింగ్ పాయింట్లు వచ్చాయి.

ఇంతకుముందు ఒకచోట డబ్బు కట్టి ఆటల రిపోర్టులు తీసుకునేవాళ్లం. "గుడ్ డ్రా" అని రాసి పంపేవాళ్లు, అంతే. 2010లో తిబో డ్యూప్లెసిస్ మొదలుపెట్టిన లీచెస్ మాత్రం విరాళాల మీదే నడుస్తోంది. ప్రకటనలు లేవు, రుసుము లేదు. మేమూ కొంత పంపాం. ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో చూడండి, హాయిగా ఉంటుంది.

అమ్మాయి ఆ ఆటని లీచెస్‌లో ఆటలు, నోట్సు దాచుకునే 'స్టడీ'లో విడిగా ఒక చాప్టర్‌గా దాచుకుంది. గుర్రాన్ని ఇచ్చిన ఎత్తు దగ్గర తనే రాసుకుంది: "ఇక్కడే హెచ్8 రంగు చూసుకున్నాను."